పొగ పెట్టెకు పెట్టిన బొట్టు

జొన్నరొట్టె మీద కాలిన మచ్చలు ఉండొచ్చు. అది నిప్పు పని. నల్ల చుక్కలు మాత్రం ఉండకూడదు. చుక్క పడిన రొట్టెను మా అత్త మనిషికి పెట్టేది కాదు, బర్రెకు వేసేది. బర్రె కూడా ఒకసారి వాసన చూసుకున్నాకే తినేది. అలాంటి అత్త దగ్గర రొట్టె కొట్టడం నేర్చుకున్న నాకు, తాండూరులో కొన్నాళ్లు నల్ల చుక్కల రొట్టెలు అమ్మే గతి పట్టింది. ఆ గతి ఎట్లా పట్టిందో, దాన్ని వదిలించుకోవడానికి ఎంత తతంగం నడిచిందో చెప్తాను.

నాపరాయి బండలు పాలిష్ చేసే ఒక ఫ్యాక్టరీ గోడకు ఆనించి పొయ్యి పెట్టుకున్నాను. మంచి జాగా. గోడ ఎత్తు కాబట్టి మధ్యాహ్నం దాకా నీడ ఉంటుంది. గేటు పక్కనే నల్లా ఉంది. బండలు ఎత్తుకునే లారీలు నా ముందే వరుసగా ఆగుతాయి. లోడు అయ్యేదాకా డ్రైవర్లకు పని ఉండదు, ఆకలి ఉంటుంది. సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్లు "ఎరడు రొట్టి కొడమ్మ" అని రెండు వేళ్లు చూపిస్తారు. నాకు కన్నడంలో లెక్క పది దాకా వచ్చు. తిట్లు అంతకన్నా ఎక్కువ వచ్చు.

నాకు చదువు చెప్పింది కూడా ఆ లారీలే. చిన్నప్పుడు నన్ను బడికి పంపినవాళ్లు లేరు. నెత్తి సగం నెరిసినాక, లారీల వెనక రాసిన రాతలు కూడబలుక్కుని అక్షరాలు పట్టుకున్నాను. మొదట చదివిన మాట 'హారన్'. మా బిడ్డ సెలవులకు వచ్చినప్పుడు పక్కన కూర్చుని దిద్దేది. నేను మాట సగంలో ఉండగానే లారీ కదిలిపోయేది. మిగతా సగం ఇంకో లారీ మీద దొరకాలి. అందుకే ఇప్పటికీ గబగబా చదువుతాను. లారీ మన కోసం ఆగదు కదా.

గోడకు అవతల ఫ్యాక్టరీ జనరేటర్ ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపు అది నీళ్లలో పడుకున్న దున్నపోతు. కరెంటు పోయిందంటే రంకె వేసి లేస్తుంది. దాని పొగగొట్టం గోడ దాటి నా వైపు వంగి ఉండేది. వానాకాలంలో జర గాలి కొడితే కరెంటు పోతుంది, అది పోయినప్పుడల్లా ఒక గంపెడు నల్ల పొగ నా నెత్తిన పడేది. జొన్నరొట్టె పెనం మీద వేయగానే పైన తడిగుడ్డతో తుడుస్తాం, పిండి పగలకుండా. ఆ తడి మీద మసి వచ్చి కూర్చునేది. ఊదితే పోదు. తుడిస్తే చుక్క కాస్తా గీత అవుతుంది.

ఒకనాడు ఒక డ్రైవరు రొట్టె మడిచి నోట్లో పెట్టుకోబోయి, విప్పి చూశాడు.

"ఏమవ్వా, నువ్వులు అద్దినవా? మంచిగున్నయి."

"నువ్వులు కాదు, సేటు డీజిలు. పారేయ్, ఇంకోటి కొడ్త."

"సగం తిన్నంక చెప్తున్నవా?" అని, ఆ మిగతా సగం కూడా తినేశాడు. పోతూ పోతూ లారీలోంచి తల బయట పెట్టి, "డీజిల్ రొట్టె తిన్న, ఇగ బండి ఆగేది లేదు," అన్నాడు. నవ్వు వచ్చింది కానీ, నవ్వు ఆగాక సిగ్గు వచ్చింది. అత్త బతికి ఉంటే ఏమనేదో నాకు తెలుసు.

ఆ రోజే గేటు దగ్గర సేటును పట్టుకున్నాను. సేటంటే ఫ్యాక్టరీ యజమాని. చెడ్డ మనిషి కాదు. కోపం వస్తే అందరిలా గొంతు పెంచడు, తగ్గిస్తాడు. అది తెలియనివాళ్లు శాంతంగా ఉన్నాడనుకుని ఇంకో మాట అని ఇరుక్కుంటారు.

"సేటూ, నీ పొగ నా రొట్టెల మీద పడ్తున్నది."

"నీ పొయ్యిలకెల్లి వచ్చేది ఊదుబత్తి పొగనా అవ్వా?"

"నా పొయ్యి పొగ నా కండ్లల్లకే పోతది. నీది ఊరోళ్ల అందరి ముక్కులకు పోతది. దానధర్మం గింత మంచిది కాదు."

గోడ మీద నుంచి తొంగి చూస్తూ ఒకడు కిసుక్కుమన్నాడు. జనరేటర్ చూసుకునే మనిషి. నన్ను అక్కా అంటాడు, నేను తమ్మీ అంటాను. మీసం నెరిసింది, మనవడు కూడా పుట్టాడు, అయినా జనరేటర్‌ను 'మావోడు' అని పిలుస్తాడు. "మావోడు పొద్దుగాల జర దగ్గిండు," అని చెప్పి దానికి నూనె పోస్తాడు. ఇంట్లో ఎవరైనా దగ్గితే అంత ఫికర్ చేస్తాడో లేదో నాకు తెలియదు.

సేటు గొంతు తగ్గించాడు.

"గొట్టం అటు తిప్పుదామంటె అటు బడి ఉన్నది. ఇటు తిప్పితె నువ్వున్నవు. బడిని జరపలేను అవ్వా. నిన్నే జరపాలె. గంజ్ ఎనకాల జాగా ఉన్నది, పొయ్యి అక్కడ పెట్టుకో. దసరా లోపల చూస్కో."

గంజ్ అంటే కందులు అమ్మే మార్కెట్టు. దాని వెనకాల గోడ, గోడ వెనకాల ముళ్లకంప. అక్కడ లారీ ఆగదు. ఆగని లారీకి రొట్టె ఎట్లా అమ్ముతాను? బడి వైపు పొగ తిప్పమని అడగడానికి నాకూ నోరు రాలేదు. నోరు రాకపోవడం నా జన్మలో అరుదు.

ఆ ఆదివారం మా బిడ్డ వికారాబాద్ నుంచి వచ్చింది. ఇంజనీరింగు చదివి అక్కడ ఒక చిన్న షెడ్డులో పని చేస్తుంది. చర్చి నుంచి ఇంటికి నడుస్తూ పొయ్యి సంగతి చెప్పాను. ఆమె రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

"అమ్మా, నేను చేసే పనేందో నీకు ఎరికేనా?"

"డబ్బాలు చేస్తవు."

"ఏం డబ్బాలు?"

"ఇనుప డబ్బాలు."

"పొగల మసిని కరెంటుతోని పట్టే డబ్బాలమ్మా. డీజిల్ ఇంజన్ల కోసమే."

నాకు ఒళ్లు మండింది. "గిన్ని దినాలు నా నెత్తి మీద మసి పోస్తుంటె, నీ డబ్బాలు ఏ ఊరికి పంపినవే?"

"నువ్వు చెప్తివా మరి? ఫోన్ చేసినప్పుడల్లా రొట్టెలు మస్తు పోతున్నయి బిడ్డా అంటివి."

అదీ నిజమే. ఫోన్లో ఏడ్చే అలవాటు నాకు లేదు.

ఇంటికి వచ్చాక పొగను కరెంటుతో ఎట్లా పడతారో చూపించమన్నాను. నా ప్లాస్టిక్ దువ్వెన తీసుకుని, నా ఎండు జుట్టు మీద గరగరా రుద్ది, చాటలోని ఉల్లిపొట్టు దగ్గర పెట్టింది. పొట్టు లేచి వచ్చి దువ్వెనను పట్టుకుంది.

"గింతే. దువ్వెనకు పట్టింది చిటికెడు కరెంటు. మా పెట్టెల నడుమ సన్న తీగెలు ఉంటయి, వాటిల వేల వోల్టులు. పొగ ఆ తీగెల పక్కకెల్లి పోతుంటె మసికి కరెంటు అంటుకుంటది. రెండు దిక్కుల రేకులు ఉంటయి, మసి పోయి వాటికి అతుక్కుంటది. గాలి బయటికి పోతది."

"దువ్వెనతోనే అయితుంటె వేల వోల్టులెందుకు, సచ్చిపోనీకా?"

"గందుకే తాళం ఉంటది. నువ్వు ముందుగాల సేటును ఒప్పియ్యి."

సేటును ఒప్పించడం ఒక పూట పని అయింది. మా బిడ్డను చిన్నప్పుడు బండల మీద ఆడుకుంటుంటే చూసినవాడు, ఇప్పుడు కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆ షెడ్డువాళ్లకు కూడా ఒక పాత జనరేటర్ మీద పెట్టె పెట్టి పరీక్ష చూసుకునే అవసరం ఉందట. చివరికి నా వైపు తిరిగాడు.

"దీపావళి దాక చూస్త. ఆగకుంట నడిచిందా, పెట్టె ఉంటది, నీ పొయ్యి ఉంటది. నడుమ ఆగిందనుకో, పెట్టె వికారాబాద్ పోతది, పొయ్యి గంజ్ ఎనకకు పోతది. మల్ల నన్ను అనొద్దు."

"అననీకె నేను ఇక్కడ్నే ఉంటనా," అన్నాను.

పెట్టె ట్రాలీ ఆటోలో వచ్చింది. నిలబెట్టిన బీరువా అంత ఉంది. దాన్ని బిగించడానికి ముందే మా బిడ్డ ఎర్తింగు గుంత తవ్వమంది. పెట్టె ఒంటి మీదికి కరెంటు వస్తే మనిషిలోకి పోకుండా భూమిలోకి పోవాలి, దానికి దారి ఉండాలి అంది. తాండూరులో గుంత తవ్వడమంటే మాటలా? మూరెడు పోగానే గడ్డపార ఖంగుమంది. తమ్మి గుంతలోంచి తల ఎత్తి, "అక్కా, బండ తగిలింది. సేటుకు చెప్పకు, క్వారీ పెడ్తడు," అన్నాడు.

సేటు అక్కడే ఉన్నాడు. "గియ్యాల్టికి చాలు, గుంత అక్కర లేదు, తీగె గోడకు కట్టుండ్రి," అన్నాడు.

"గుంత లేకుంటె పెట్టె పెట్టను సేటూ. వేరేటోళ్లు పెట్టినా పెట్టనియ్యను," అంది మా బిడ్డ. ఆ మాట అన్న తీరు అచ్చం నాదే. నాకు కడుపు నిండింది. ఇంకో చోట తవ్వారు, మన్ను తగిలింది, బొగ్గు, ఉప్పు వేసి కడ్డీ దించారు.

పొగగొట్టాన్ని కూడా మనిషి నెత్తికి అందనంత ఎత్తు చేసి పెట్టెకు కలిపారు. ఫ్యాక్టరీ మెయిన్ ఆపి జనరేటర్ లేపారు. ముందు పెట్టె ఆపి, తమ్మి ఒక కర్రకు తెల్ల తువ్వాల కట్టి గొట్టం ముందు పట్టాడు. తువ్వాల బర్రె చర్మంలాగా అయింది. తర్వాత పెట్టె వేశారు. తేనెటీగలు దూరంగా ఉన్నట్టు జుమ్మని చప్పుడు. పొగ నలుపు విరిగింది, బూడిద రంగు అయింది, చూస్తుండగానే అదీ పోయింది. గొట్టం మీద వేడిగాలి వణుకు తప్ప ఏమీ కనబడలేదు. ఇంకో తువ్వాల పట్టాడు. తెల్లగానే ఉంది.

నాకు తువ్వాల మీద నమ్మకం లేదు. పోయి రొట్టె కొట్టుకుని వచ్చాను. పీట మీద పెట్టి, పైన తడి చేసి, ఇదివరకు చుక్కలు పడిన చోటే పెట్టుకుని కూర్చున్నాను. జనరేటర్ గర్జిస్తూనే ఉంది. రొట్టె మీద చీమంత చుక్క లేదు. కాల్చి, విరిచి, సగం సేటు చేతిలో పెట్టాను. నమిలాడు.

"ఎట్లుంది?"

"పుంటికూర ఏది?" అన్నాడు. రొట్టెలోకి గోంగూర అడిగాడంటే రొట్టె కుదిరినట్టే.

ఒక్కటే నాకు అర్థం కాలేదు. "వాసన అట్లనే ఉన్నదేందే?"

"ఉంటదమ్మా. పెట్టె మసినే పడ్తది. కంటికి కనవడని విషపు గాలిని పట్టదు. పొగ తెల్లగైంది కదా అని జనరేటర్‌ను రూములో పెట్టి తలుపులు మూస్తె, లోపల మనిషి దక్కడు. బయటనే ఉండాలె, గొట్టం ఎత్తుగనే ఉండాలె." ఈ మాట సేటుకు వినబడేట్టు రెండోసారి కూడా చెప్పింది.

పెట్టె తలుపుకు ఒక తాళం. పెట్టెకు కరెంటు ఆపితే తప్ప తాళంచెవి ఊడి రాదు. ఊడి వచ్చిన చెవితోనే తలుపు తెరుచుకుంటుంది. పెట్టె మీద ఇంగ్లీషులో ఎర్ర కాగితం అంటించి ఉంది. తమ్మి దాన్ని చూసి, దేవుని పటం చూసినట్టు దండం పెట్టాడు. మా బిడ్డ నా వైపు తిరిగింది.

"అమ్మా, తెలుగుల నువ్వు రాయి. నువ్వు రాసినవని తెలిస్తె తిడ్తవన్న భయమన్న ఉంటది."

కాగితం మీద కాదు, పాలిష్ చేసిన నాపరాయి బండ మీద రాశాను. ఆమె ఒక్కొక్కటీ చెప్తుంటే నా మాటల్లోకి మార్చుకుని, తెల్ల పెయింటుతో. కరెంటు ఆపినా లోపల కొంత దాక్కుని ఉంటుందట, కాసేపు ఆగాలట. ఆ తర్వాత కూడా భూమికి తీగ కట్టిన కర్రతో లోపల తాకించి, మిగిలింది దించేయాలట. రేకుల మీది మసిలో డీజిల్ జిడ్డు ఉంటుంది కాబట్టి పేరుకుపోనిస్తే అంటుకుంటుందట. పొడిగా ఊడిస్తే గాలిలోకి లేస్తుందట, మురికికాలువలో పోస్తే నీళ్లు చెడతాయట. ఇవన్నీ కలిపి నేను రాసింది ఇది:

జనరేటర్ ఆపు. పెట్టె ఆపు. చాయ్ తాగి రా.
భూమి కర్ర తాకించినంకనే చెయ్యి పెట్టు.
మాస్కు, తొడుగులు లేనోడు దూరం జరుగు.
మసిని ఊడ్వకు. తడిపి సంచిల ఎత్తు. మోరిల పోస్తె చూస్కో.
బీడీ అవతల.

"చాయ్ తాగి రా అని రాస్తరా ఎవరన్న?" అంది.

"కాసేపు ఆగుమంటె ఎవడు ఆగడు. చాయ్ తాగుమంటె ఆగుతడు."

మొదటిసారి రేకులు కడిగిన రోజు నేను కూడా దూరం నుంచి చూశాను. తమ్మి ముఖానికి మాస్కు, మోచేతుల దాకా తొడుగులు. తడిపిన మసి ముద్దలు ముద్దలుగా వచ్చింది. సంచి సగం నిండింది. ఇన్నాళ్లు ఇదంతా ఎక్కడికి పోయింది అనుకున్నాను. గాలి ఎటు కొడితే అటు పోయింది, ఇంకెక్కడికి? అటు బడి, ఇటు నేను. తమ్మి సంచి మూతి కడుతూ, "అక్కా, కాటుక పెట్టుకుంటవా? మస్తుగున్నది," అన్నాడు.

"నీ మీసానికి రాస్కో. తాతవని ఎవడన్న అన్నాడంటె నన్నడుగు."

అట్లా వానాకాలం గడిచింది. కరెంటు ఎన్నిసార్లు పోయినా నా పెనం మీద రొట్టె తెల్లగానే పొంగింది.

దసరా వచ్చింది. ఆ రోజు ఫ్యాక్టరీలో మిషన్లు నడవవు. కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. మాది చర్చికి పోయే ఇల్లు. అయినా ప్రతి దసరాకు పసుపు కలిపి ఇచ్చేది నేనే, ఎందుకంటే అంత పెద్ద గిన్నె నా దగ్గరే ఉంది. సేటు కొత్త బట్టలు కట్టుకుని వచ్చి, "ఒక్క మిషన్ సుత మిగలొద్దు. అన్నిటికి బొట్టు పెట్టుండ్రి," అన్నాడు. తమ్మి పెట్టె లోపల కూడా కడగాలని జనరేటర్ ఆపి ఉందా లేదా చూసుకున్నాడు, పెట్టె ఆపాడు, నా దగ్గరికి వచ్చి చాయ్ తాగాడు, పోయి భూమి కర్ర తాకించాడు. బండ మీద రాసిన దాంట్లో ఒక్కటీ తప్పలేదు. గిన్నె నిండా పసుపు తీసుకుపోయాడు. గుమ్మడికాయ పగిలింది, కొబ్బరి ముక్కలు పంచారు, అందరం నవ్వుకుంటూ ఇళ్లకు పోయాం.

సెలవు ముగిసి ఫ్యాక్టరీ తెరిచిన రోజే గాలివాన వచ్చింది. కరెంటు పోయింది. జనరేటర్ లేచింది. నేను రొట్టె మీద తడిగుడ్డ తిప్పుతున్నాను. టప్పున ఒక చుక్క. పక్కనే ఇంకోటి. తల ఎత్తితే గొట్టంలోంచి పాత నల్ల పొగ, ఊరి నుంచి తిరిగొచ్చిన చుట్టం లాగా. గోడ అవతలి నుంచి తమ్మి గొంతు.

"అక్కా, పెట్టెకు ఎర్ర లైటు ఎలిగింది. ఆగిపోయింది."

మళ్లీ వేశాడు. జుమ్మంది, టక్కుమంది, ఆగింది. మళ్లీ వేశాడు, మళ్లీ అదే. ఇంక వేయొద్దని నేనే అరిచాను. సేటు గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. గొంతు చాలా తగ్గింది.

"అవ్వా, మాట యాదికున్నదా?"

"ఉన్నది సేటూ."

"రేపు ట్రాలీ ఆటో వస్తది."

ఆయన పోయాక పొయ్యి వైపు చూశాను. నా చేతులతో అలికిన పొయ్యి. దాన్ని ఎత్తుకుపోవడానికి రాదు, పగలగొట్టాలి. కొత్త చోట మళ్లీ కట్టాలి. అదేమంత పెద్ద పని కాదు, చేస్తాను. కానీ లారీలు? ఆ రోజు చుట్టూ ఆగిన లారీల వెనక రాతలన్నీ వరసగా చదువుకుంటూ కూర్చున్నాను. అన్నీ వచ్చినవే, అయినా చదివాను.

రాత్రే ఫోన్ చేసి చెప్పాను, తెల్లారి మొదటి రైలుకు మా బిడ్డ దిగింది. ట్రాలీ ఆటో కూడా అప్పటికే వచ్చింది. ఆటోవాడు మంచివాడే, మోయాల్సిన సామాను బరువు ఎంతో అడిగి, రొట్టె తింటూ కూర్చున్నాడు. కరెంటు పంపే భాగం కాలి ఉండొచ్చు, అదే అయితే వికారాబాద్ తీసుకుపోక తప్పదు అంది మా బిడ్డ. జనరేటర్ ఆపించింది, పెట్టె ఆపి చెవి తీసింది. బండ మీద నేను రాసింది చూసింది. వచ్చి నా ముందు కూర్చుంది.

"చాయ్ పొయ్యమ్మా."

ఇంజనీరు కూడా నా రాతకు లోబడింది. పోశాను. ఆమె గ్లాసు ఖాళీ చేసి లేచింది.

తర్వాత తలుపు తీసి, భూమి కర్ర తాకించి, టార్చిలైటు పట్టుకుని తల లోపల పెట్టింది. చాలాసేపు తల బయటికి రాలేదు. చూస్తుండగా భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నదనుకున్నాను. పోయి వీపు మీద చెయ్యి వేసి, "పోనీయె బిడ్డా, పొయ్యిదేముంది," అన్నాను. ఆమె తల తీసి నన్ను చూసి, ఉన్నచోటే నేల మీద కూలబడి నవ్వింది. కళ్ల నీళ్లు కారేట్టు నవ్వింది. టార్చి నా చేతికి ఇచ్చింది.

చూశాను. తీగలను పెట్టె ఒంటికి తగలకుండా మోసే పింగాణీ గుండ్లు లోపల నాలుగు ఉంటాయి, తెల్లగా, నున్నగా. నాలుగింటికీ నిండుగా పసుపు రాసి ఉంది. నడుమ గుండ్రంగా కుంకుమ బొట్టు. పెళ్లిపీటల మీద కూర్చున్న పెళ్లికూతుళ్లలాగా ఉన్నాయి. ఒకదాని మీద మాత్రం బొట్టు కింద నుంచి వెంట్రుకంత సన్నంగా, వంకరగా ఒక నల్ల గీత.

"పింగాణీ పనే కరెంటును పోనియ్యకుండుడమ్మా. అది పొడిగ, శుభ్రంగ ఉండాలె. తడి పసుపు రాస్తె దానికి తొవ్వ వేసినట్టే. కరెంటు గా తొవ్వ పట్టి పారిపోయింది. పెట్టె తెలివిగలది, తనంతట తనే ఆగింది. ఆగకుంటె భయపడాలె."

తమ్మిని పిలిచాం. వచ్చాడు, లోపలికి చూశాడు, చేతులు కట్టుకున్నాడు.

"అన్నిటికి పెట్టిన బిడ్డా. గవి నాలుగు తెల్లగ, బోసిగ కనవడ్డయి. అందరికి పెట్టి గా నలుగురికి పెట్టకపోతె మనసొప్పలే."

అప్పటికి సేటు కూడా వచ్చి నిలబడి ఉన్నాడు. టార్చి తీసుకుని లోపల చూశాడు. నవ్వు రాకుండా మీసం సవరించుకున్నాడు. అయినా మాట మాటే అన్నట్టు ఆటో వైపు చూశాడు. నేను ఆగలేదు.

"సేటూ, ఒక్క మిషన్ మిగలొద్దన్నది నువ్వు. బొట్టు పెట్టింది తమ్మి. పసుపు కలిపింది నేను. నడుమ పెట్టె చేసిన తప్పేందో చెప్పు. పంపేదుంటె మా ముగ్గురిని ఎక్కియ్యి ఆటోల."

ఆయన టార్చి ఆర్పాడు. గొంతు తగ్గిస్తాడేమోనని చూశాను. మా బిడ్డను అడిగాడు, మామూలు గొంతుతోనే.

"ఎంత సేపట్ల బాగైతది?"

"మూడింటిని కడిగి, స్పిరిట్‌తోని తుడిచి ఆరబెడ్త. గీత పడ్డది మాత్రం మార్చాలె. కొత్తది షెడ్డుల ఉన్నది."

"పిలిచిన ఆటో ఖాళీగ పోతె మంచిగుండదు," అన్నాడు సేటు. "ఎక్కు. పింగాణీ తీస్కొని గిదే ఆటోల రా."

పెట్టెను తీసుకుపోవడానికి వచ్చిన ఆటో అరచేతిలో పట్టే పింగాణీ గుండు కోసం వికారాబాద్ పోయింది. ఆటోవాడు, "గీ సామానుకు బరువెంత అని అడుగుడు అక్కర లేదు," అన్నాడు. వాళ్లకు దారిలో తినడానికి నాలుగు రొట్టెలు, ఎల్లిపాయ కారం కట్టి ఇచ్చాను. చుక్కలు లేనివే. ఆ పూట నేను పొగ లేనప్పుడు కొట్టినవి.

సాయంత్రం పొద్దు ఉండగానే కొత్త గుండు బిగించారు. పెట్టె జుమ్మంది. టక్కుమంటుందేమోనని అందరం చెవులు రిక్కించి నిలబడ్డాం. అనలేదు. తమ్మి జనరేటర్‌ను తట్టి, "మావోడు నయమైండు," అన్నాడు. రోగం వచ్చింది పెట్టెకు, నయమైంది వాడికి.

తర్వాత బండ మీద ఇంకో లైను రాశాను: 'బొట్టు బయటి తలుపుకే. లోపల దేవుడు ఉండడు, కరెంటు ఉంటది.' తమ్మికి బాధ అయింది. "దేవుడు లేని జాగ ఉంటదా అక్కా? నీ చర్చిల గట్లనే చెప్తరా?" అన్నాడు. ఆలోచిస్తే వాడి మాటే సరి అనిపించింది. తడి ఆరకముందే ఆ సగం తుడిచేశాను. 'బొట్టు బయటి తలుపుకే' అన్నది ఒక్కటే మిగిలింది. తమ్మి ఆ రోజే బయటి తలుపుకు పసుపు రాసి, అరచేయంత బొట్టు పెట్టాడు. లోపలి నాలుగింటి వాటా కూడా కలిపి పెట్టినట్టున్నాడు.

దీపావళి రోజు సేటు మిఠాయి డబ్బా పట్టుకుని గేటు దాటి, పొయ్యి దాకా నడిచి వచ్చాడు. పీట మీద కూర్చుని, "రెండు వెయ్యి అవ్వా. పుంటికూర మర్వకు," అన్నాడు. అంతే. పొయ్యి ఇక్కడే ఉంటుందని అర్థమైంది, పిండి కలిపాను.

తర్వాత కొన్నాళ్లకు, డీజిల్ రొట్టె తిన్న ఆ డ్రైవరు మళ్లీ వచ్చాడు. అప్పుడే కరెంటు పోయింది, గోడ అవతల జనరేటర్ రంకె వేసింది. వాడు రొట్టె విప్పాడు, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏమవ్వా, గిప్పుడు నువ్వులు అద్దుతలేవా?"

"అద్దుత," అన్నాను. డబ్బా తీసి, అసలైన నువ్వులు గుప్పెడు తడి రొట్టె మీద చల్లి, అరచేత్తో అద్ది పెనం మీద వేశాను. చిటపటలాడాయి. వాసన రోడ్డు దాటి పోయింది. అటు పక్క ఆగిన లారీలోంచి ఇంకొకడు దిగి, నాకు రెండు వేళ్లు చూపించాడు.